సాగదీస్తే కండరం నిజంగా పొడవవుతుందా? స్కాన్ చిత్రాలు చెబుతున్నదేమిటి

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగితే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయే మనిషి, రెండు నెలలు రోజూ సాధన చేస్తే కాలి బొటనవేలు పట్టుకోగలుగుతాడు. ఏం మారిందని అడిగితే జిమ్ ట్రైనరైనా, యోగా గురువైనా, పక్కింటాయనైనా ఒకటే చెబుతారు: కండరం సాగింది, పొడవైంది. వినడానికి ఇందులో అనుమానించాల్సిందేమీ కనిపించదు.

ఈ మాటను పరీక్షించడానికి కండరాన్ని కోసి చూడనక్కర్లేదు. 1990ల నుంచి అల్ట్రాసౌండ్‌తోనూ, ఆ తర్వాత ఎంఆర్‌ఐతోనూ, మనిషి కండరం సాగుతుండగానే దాని లోపలి అమరికను కొలుస్తున్నారు. వచ్చిన జవాబు వేరుగా ఉంది. కొన్ని వారాల మామూలు స్ట్రెచింగ్ తర్వాత కీలు ఎక్కువ వంగుతుంది గానీ కండరం కొలతల్లో మార్పు చాలాసార్లు కనిపించదు. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలంటే రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. పొడవు అంటున్నాం సరే, దేని పొడవు? ఆ పొడవును యంత్రం ఎంత కచ్చితంగా చూపగలదు? గందరగోళమంతా ఈ రెండు చోట్లే పుడుతుంది.

పొడవు ఒకటి కాదు, నాలుగు

పిక్కనే తీసుకుందాం. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం పిక్క లోపలి వైపున్న కండరం మీదే జరిగాయి. దాని పేరు మీడియల్ గాస్ట్రోక్నీమియస్. చర్మం కిందే ఉంటుంది కాబట్టి స్కానర్‌కు సులువుగా దొరుకుతుంది. పాదాన్ని ఒక పలకకు కట్టి కావలసిన కోణంలో ఆపవచ్చు.

మొదటి పొడవు నిజానికి పొడవు కాదు, కోణం: చీలమండ ఎంత వంగింది అన్నది. బయటికి కనిపించేది, మనం మెచ్చుకునేది ఇదే. రెండోది మోకాలి పైనుంచి మడమ ఎముక దాకా ఉన్న మొత్తం వరస. అందులో పైభాగం కండరం, కింది భాగం అకిలిస్ టెండాన్, అంటే కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు. మనవాళ్లు టెండాన్‌నూ కండరాన్నీ కూడా ‘నరం’ అనే అంటారు. ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు పట్టేసేది సాధారణంగా కండరమే. కానీ అసలు నరానికి కూడా ఈ కథలో భాగముంది, అది ముందుకు వెళ్లాక వస్తుంది.

మూడోది ఫాసికిల్ పొడవు. కండర తంతువులు ఒక్కొక్కటిగా కాకుండా కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో కట్టను ఫాసికిల్ అంటారు. పిక్కలో ఇవి నిలువుగా ఉండవు. కొబ్బరి మట్ట నడిమి ఈనె నుంచి ఆకులు వాలుగా బయల్దేరినట్టు, పైన ఒకటి, అడుగున ఒకటి ఉండే రెండు గట్టి పొరల మధ్య వాలుగా అతుక్కుని ఉంటాయి. ఆ పొరల్ని అపొన్యూరోసిస్ అంటారు. పొరకూ ఫాసికిల్‌కూ మధ్య ఉన్న వాలును పెనేషన్ కోణం అంటారు. పెద్దవాళ్లలో ఈ కండరం ఫాసికిల్ సుమారు 5 సెంటీమీటర్లుంటుంది.

నాలుగోది సార్కోమియర్. కండర తంతువులో ఒకదాని వెనక ఒకటి గుచ్చినట్టుండే సూక్ష్మమైన గది ఇది, సంకోచించే పని చేసేది ఇదే. మనిషి కండరంలో సార్కోమియర్ సుమారు 2.7 మైక్రోమీటర్ల పొడవున్నప్పుడు గరిష్ఠ బలం ఇస్తుంది. ఆ లెక్కన 5 సెంటీమీటర్ల ఫాసికిల్ పొడవునా 18 వేల పైచిలుకు సార్కోమియర్లు పడతాయి. ఒక్కొక్కటీ 3 మైక్రోమీటర్లకు సాగి ఉంటే అదే 5 సెంటీమీటర్లలో 16,700 దాకానే పడతాయి. బయటి నుంచి చూస్తే రెండు ఫాసికిళ్లూ ఒకలాగే ఉంటాయి. మల్లెపూలు మూర లెక్కన కొనేవాళ్లకు ఈ తిరకాసు తెలుసు. మూర మూరే, కానీ పూలు దగ్గరగా కట్టారా, దూరదూరంగా కట్టారా అన్నది మూర కొలిస్తే తెలియదు.

‘కండరం పొడవైంది’ అనే వాదన నిజం కావాలంటే పూలు పెరగాలి, అంటే వరసలో కొత్త సార్కోమియర్లు చేరాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 1972లో టబారీ బృందం పిల్లుల పిక్కలోని సోలియస్ అనే కండరాన్ని సాగిన స్థితిలో ఉంచి 4 వారాలు కట్టు వేసింది. సార్కోమియర్ల సంఖ్య 19 శాతం పెరిగింది. కుదించిన స్థితిలో కట్టు వేస్తే 40 శాతం తగ్గింది. కట్టు తీశాక రెండూ మామూలు స్థితికి వచ్చాయి. కానీ 24 గంటలూ సాగి ఉన్న పిల్లి కాలికీ, రోజుకు రెండు నిమిషాలు గోడకు కాలు ఆనించి నిలబడే మనిషికీ చాలా దూరం ఉంది. ఈ ప్రయోగాన్ని చూపించి స్ట్రెచింగ్ ఫలితాన్ని ఖాయం చేసే వ్యాసాలు ఆ దూరాన్ని పట్టించుకోవు.

అల్ట్రాసౌండ్‌లో కనిపించేది ఏమిటి

ముందుగా ఒక పొరపాటు తొలగించాలి. ఫిజియోథెరపీ సెంటర్లో నొప్పి ఉన్నచోట జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ వేరు. అది 1 లేదా 3 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చికిత్సా పరికరం, బొమ్మ చూపించదు. ఇక్కడ చెబుతున్నది కడుపు స్కానింగ్‌కు వాడే రకం యంత్రం. కాకపోతే చర్మం మీద ఆనించే ప్రోబ్ ఇందులో తిన్నగా ఉంటుంది (లీనియర్ ప్రోబ్), ఫ్రీక్వెన్సీ సుమారు 5 నుంచి 12 మెగాహెర్ట్జ్.

10 మెగాహెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు శరీరంలో దాదాపు 0.15 మిల్లీమీటర్లు. కండర తంతువు మందం అందులో మూడో వంతు, సార్కోమియర్ అయితే యాభయ్యో వంతు. కాబట్టి ఈ చిత్రంలో తంతువులు కనిపించవు, సార్కోమియర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లగా మెరిసే వాలు గీతలు ఫాసికిళ్లను చుట్టి ఉండే కొలాజెన్ తొడుగులు. వాటి మధ్య నల్లటి పట్టీలు ఫాసికిళ్లు. పైనా కిందా మందంగా మెరిసే గీతలు అపొన్యూరోసిస్ పొరలు. చిత్రం నుంచి నేరుగా కొలిచేవి మూడు: పొరల మధ్య మందం, వాలు కోణం, ఫాసికిల్ పొడవు.

కండరం సాగుతున్నప్పుడు ఈ మూడూ ఎలా కదులుతాయో 1996లో మార్కో నారిచి బృందం ప్రచురించిన కొలతలు చక్కగా చూపిస్తాయి. పాదం వేళ్లు కిందికి చాపి ఉన్న స్థితిలో, అంటే చీలమండ కోణం 150 డిగ్రీలున్నప్పుడు, విశ్రాంతిలో ఉన్న ఈ కండరం ఫాసికిల్ 34 మిల్లీమీటర్లు, వాలు 27.7 డిగ్రీలు. పాదాన్ని కాలికి లంబంగా, 90 డిగ్రీలకు తెస్తే ఫాసికిల్ 57 మిల్లీమీటర్లకు సాగింది, వాలు 15.8 డిగ్రీలకు పడిపోయింది. ఇప్పుడు పొడవును కోణం సైన్‌తో గుణించి మందం లెక్కేయండి. మొదటి స్థితిలో 15.8 మిల్లీమీటర్లు, రెండో స్థితిలో 15.5. మందం దాదాపు కదల్లేదు. పాత షాపుల ముందుండే మడత గేటును లాగితే అడ్డపట్టీలు వాలిపోయినట్టే ఫాసికిళ్లు పొరల మధ్య వాలిపోతాయి. గేటు పట్టీలు సాగవు, ఫాసికిళ్లు వాలుతూ సాగుతాయి కూడా. తేడా అంతే.

సాగదీసిన పొడవంతా ఫాసికిళ్లకే చేరుతుందనుకోవడం ఇంకో పొరపాటు. రాబ్ హెర్బర్ట్ బృందం 2002లో మోకాలినీ చీలమండనూ కదిపి చూస్తే, గాస్ట్రోక్నీమియస్ వరస మొత్తం పొడవులో వచ్చిన మార్పులో సగటున 27 శాతమే ఫాసికిళ్లకు చేరింది. మిగిలింది టెండాన్, దాని పొరలు తీసుకున్నాయి. కాలి ముందువైపుండే టిబియాలిస్ యాంటీరియర్‌లో ఇది 55 శాతం. గోడకు పాదం నొక్కినప్పుడు పిక్కలో తెలిసే లాగుడు కండరానిదే అనిపిస్తుంది. కానీ సాగుతున్న దానిలో పెద్ద వాటా కిందనున్న తాడుది.

కొలిచే పద్ధతి, అందులో పొరపాట్లు

ఈ భాగంలో కాస్త ఎక్కువసేపు ఆగాలి. స్ట్రెచింగ్ వల్ల ఫాసికిల్ పెరిగిందనే వార్తల బలం, బలహీనత రెండూ ఇక్కడే తేలుతాయి.

మనిషిని బోర్లా పడుకోబెట్టి, మోకాలు తిన్నగా ఉంచి, పాదాన్ని డైనమోమీటర్ (కీలును తిప్పుతూ దాని ప్రతిఘటన కొలిచే యంత్రం) పలకకు పట్టీలతో బిగిస్తారు. మొదలుపెట్టే ముందు 15 నుంచి 20 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. నిలబడి నడిచి వచ్చిన కాలిలో ద్రవం నిండి ఉంటుంది. పడుకున్నాక అది సర్దుకునేదాకా కండరం మందం మారుతూనే ఉంటుంది. ఒకసారి నడిచొచ్చిన వెంటనే, ఇంకోసారి అరగంట పడుకున్నాక కొలిస్తే ఏ వ్యాయామం లేకుండానే ‘మార్పు’ కనిపిస్తుంది.

ప్రోబ్‌ను మోకాలి వెనక మడత నుంచి బయటి చీలమండ ఎముక దాకా ఉన్న దూరంలో పైనుంచి 30 శాతం దగ్గర, కండరం అడ్డంగా మధ్యలో పెడతారు. వారాల తర్వాత మళ్లీ అదే చోటు దొరకాలి. అందుకని పారదర్శక షీటు కాలి మీద పరిచి పుట్టుమచ్చలు, పాత గాయాల గుర్తులు, ప్రోబ్ చోటు దాని మీద గీసుకుంటారు. పాత పద్ధతే అయినా ఇంతకన్నా నమ్మకమైనది లేదు.

జెల్ మందంగా వేయాలి, చేతి బరువు కాలి మీద పడకూడదు. ప్రోబ్ నొక్కితే పొరలు దగ్గరవుతాయి, మందం తగ్గుతుంది, వాలు తగ్గుతుంది, అచ్చం కండరం సాగినట్టే కనిపిస్తుంది. తర్వాత ప్రోబ్‌ను అటూ ఇటూ కొద్ది డిగ్రీలు తిప్పుతూ చూడాలి. రెండు పొరలూ పదునుగా మెరుస్తూ, వాటి మధ్య ఫాసికిల్ గీతలు తెగకుండా ఒక పొర నుంచి రెండో పొర దాకా వెళ్లే స్థితి దొరికేదాకా తిప్పాలి. గీతలు మధ్యలో మాయమవుతున్నాయంటే చిత్రం తలం ఫాసికిళ్లను అడ్డంగా కోస్తోందని అర్థం. ఆ చిత్రంలో కొలిచిన పొడవు ఎంత జాగ్రత్తగా కొలిచినా తప్పే.

పాదాన్ని వంచేటప్పుడు సెకనుకు 5 డిగ్రీలు దాటకుండా నెమ్మదిగా కదపాలి, లేకపోతే కండరం రిఫ్లెక్స్‌తో బిగుసుకుంటుంది. మనిషి తెలియకుండానే బిగబట్టడం లేదని కండరంలోని విద్యుత్ సంకేతాలు పట్టే ఈఎంజీ ఎలక్ట్రోడ్లతో గమనిస్తూ ఉండాలి. మొదటి నాలుగైదు సార్లు వంచినప్పటి అంకెలు పక్కన పెట్టాలి. అంతకుముందు కండరం ఏ స్థితిలో ఉందన్న దాన్నిబట్టి దాని బిగువు మారుతుంది, కొన్నిసార్లు వంచాకే స్థిరపడుతుంది. ఇంకొకటి, వంపు పెరిగేకొద్దీ మడమ పలక నుంచి లేస్తుంది. అప్పుడు యంత్రం చూపించే కోణం చీలమండది కాదు, పలకది. కోణాన్ని కాలి మీద విడిగా కొలవని అధ్యయనాలు ఈ తేడాను మింగేస్తాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా లెక్కలో ఒక చిక్కు మిగులుతుంది. ఫాసికిల్ మొత్తం చిత్రంలో పట్టనప్పుడు మందాన్ని కోణం సైన్‌తో భాగించి పొడవు రాబడతారు. మందం 16 మిల్లీమీటర్లు, కోణం 15 డిగ్రీలు అనుకుందాం. పొడవు 61.8 మిల్లీమీటర్లు వస్తుంది. కోణం చదవడంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చిందా, 14 అయితే 66.1, 16 అయితే 58.1. ఒక్క డిగ్రీకి 6, 7 శాతం తేడా. వాలు గీత మీద కర్సర్ పెట్టేటప్పుడు ఒక డిగ్రీ జారడం అసలు పెద్ద విషయమే కాదు. కొన్ని వారాల వ్యాయామం వల్ల వచ్చిందని చెప్పే పెరుగుదల ఇదే స్థాయిలో ఉంటే ఆ అంకె కండరానిదో, కర్సర్‌దో చెప్పడం కష్టం. అందుకే కొలిచే మనిషికి ఏ చిత్రం వ్యాయామానికి ముందుది, ఏది తర్వాతది అన్నది తెలియకూడదు. అది తెలియకుండా చేశారా లేదా అన్నదే ఇలాంటి పేపర్లో ముందు వెతకాల్సిన వాక్యం.

తొడ వెనక కండరాల్లో ఈ చిక్కు ఇంకా పెద్దది. బైసెప్స్ ఫెమోరిస్ లాంగ్ హెడ్ ఫాసికిళ్లు 8 నుంచి 11 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. మామూలు ప్రోబ్ కిటికీ 4 నుంచి 6 సెంటీమీటర్లే. కనిపించే సగం చూసి మిగతా సగం తిన్నగానే వెళ్తుందని ఊహించి గీత పొడిగిస్తారు. నిజానికి ఆ ఫాసికిళ్లు వంపు తిరిగి ఉంటాయి, పొరలు కూడా సమాంతరంగా ఉండవు. ప్రోబ్‌ను కాలి పొడవునా జరుపుతూ చిత్రాలు అతికించే పనోరమిక్ పద్ధతి దీనికి మెరుగైన మందు, కానీ జరిపే చేతికి చాలా సాధన కావాలి. ఈ కొలతకు ఆటలో విలువ ఉంది కాబట్టే ఇంత పట్టింపు. టిమ్మిన్స్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఫాసికిళ్లు 10.56 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లకు తొడ వెనక కండరం చిరిగే ప్రమాదం దాదాపు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. రెండు దశాంశ స్థానాల దాకా ఉన్న ఆ అంకెను వేరే యంత్రంతో, వేరే చేతితో తీసిన కొలతకు యథాతథంగా అంటగట్టకూడదు.

చిత్రాలు చదివే పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పంచుకుంటోంది. కదిలే వీడియోలో ఫాసికిల్‌ను ఫ్రేమ్ వెంట ఫ్రేమ్ వెంబడించే అల్ట్రాట్రాక్, ఆగి ఉన్న చిత్రాన్ని డీప్ లెర్నింగ్‌తో చదివే డీఎల్‌ట్రాక్ ఉచితంగా దొరుకుతాయి. మొదటి రకంలో ప్రతి ఫ్రేమ్‌కూ చిన్న తప్పు పేరుకుంటూ పోతుంది. పాదాన్ని వంచి తిరిగి మొదటి చోటికి తెచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ చూపే పొడవు కూడా మొదటి అంకెకు తిరిగొచ్చిందా అని చూడడం సులువైన పరీక్ష. రాకపోతే మధ్యలోని అంకెల్ని నమ్మకూడదు.

మన దేశంలో ఈ పని మొదలుపెట్టాలనుకునే ఫిజియోథెరపీ కాలేజీలకు ఒక మాట. గర్భస్థ శిశువు లింగం చూపగల యంత్రమేదైనా 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది. కండరాలకే వాడతామన్నా రిజిస్ట్రేషన్ తప్పదు. కొనేముందే అది చూసుకోవాలి.

మరి ఏం తేలింది

ఒకేసారి కాసేపు సాగదీస్తే వచ్చే మార్పు నిజమే. 2008లో మోర్స్ బృందం పిక్కను నిమిషం చొప్పున 5 సార్లు సాగదీసి చూస్తే, కండరం టెండాన్ వరస బిగువు 47 శాతం తగ్గింది. కానీ అదే కోణం దగ్గర ఫాసికిల్ పొడవు మారలేదు. కండరం మాత్రం మొత్తంగా ఎక్కువ సాగింది. అంటే ఇచ్చుకున్నది తంతువులు కాదు, వాటిని చుట్టి ఉన్న సంధాయక కణజాలం అని వాళ్లు భావించారు. ఇలా వచ్చిన వదులు శాశ్వతం కాదు, నిమిషాల్లో తిరిగి బిగుస్తుంది.

వారాల సాధన కథ వేరు. 1996లో డెన్మార్క్‌లో మాగ్నుసన్ బృందం ఒక కాలి హామ్‌స్ట్రింగ్‌ను (తొడ వెనక కండరాల్ని) 3 వారాలు సాగదీయించి రెండో కాలిని అలాగే వదిలేసింది. సాగదీసిన కాలు ఎక్కువ దూరం వెళ్లింది. కానీ ఒకే కోణం దగ్గర పోల్చితే అది ఇచ్చే ప్రతిఘటన ముందెంతో తర్వాతా అంతే. మారింది కండరం కాదు, ఆ లాగుడును మనిషి ఎంతదాకా ఓర్చుకోగలడన్నది. 2014లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో కోన్రాడ్, టిల్ప్ అల్ట్రాసౌండ్‌తో 6 వారాల స్ట్రెచింగ్‌ను పరిశీలిస్తే అక్కడా చీలమండ వంపు పెరిగింది. ఫాసికిల్ పొడవు, వాలు, కండరం బిగువు, టెండాన్ బిగువు ఏవీ మారలేదు. 3 నుంచి 8 వారాల అధ్యయనాల్ని కలిపి చూసిన 2018 నాటి సమీక్ష కూడా ఇదే వైపు మొగ్గింది.

మోతాదు పెరిగితే చిత్రం మారుతుంది. 12 వారాల పాటు ఒక కాలినే సాగదీసిన కౌమార వాలీబాల్ క్రీడాకారిణుల్లో పిక్క ఫాసికిళ్లు పొడవైనట్టు, కండరం అడ్డకోత పెరిగినట్టు 2021లో పానిడి బృందం చూపింది. వాళ్లు ఇంకా ఎదుగుతున్న పిల్లలని గుర్తుంచుకోవాలి. జర్మనీలో వార్నెకే బృందం ప్రత్యేకమైన బూటు తొడిగి రోజుకు గంటసేపు, 6 వారాలు పిక్కను సాగదీయిస్తే మందం, బలం రెండూ పెరిగాయి. రోజుకు గంట! పార్కులో నడక ముగించి అర నిమిషం కాలు చాపే అలవాటుకు ఈ ఫలితాన్ని అంటించకూడదు.

ఇక అసలు నరం సంగతి. కూర్చుని కాళ్లు చాపి వీపు వంచితే పాదం పైకి వంగే దూరం తగ్గుతుంది. తుంటినీ చీలమండనూ రెంటినీ దాటే కండరం శరీరంలో లేదు. మరి తుంటి వంచితే చీలమండ ఎందుకు ఆగుతుంది? ఈ రెంటినీ దాటి వెళ్లేది సయాటిక్ నరం, దాని శాఖలు. ఆండ్రాడే బృందం బిగువు కొలిచే ఎలాస్టోగ్రఫీ స్కాన్‌తో చూస్తే అలాంటి సాగదీతల్లో కండరం బిగువు అలాగే ఉండి, నరం బిగువు మారడం కనిపించింది. వంపు పెరిగిన ప్రతిసారీ కండరానికే మార్కులు వేయడం ఎంత తప్పో దీంతో తెలుస్తుంది.

బిగువు కొలిచే ఎలాస్టోగ్రఫీ

షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీలో అల్ట్రాసౌండ్ ప్రోబే కండరాన్ని సూక్ష్మంగా ఒక తోపు తోస్తుంది. ఆ అదురు పక్కలకు ఎంత వేగంతో ప్రయాణించిందో సెకనుకు వేల ఫ్రేముల చొప్పున చిత్రీకరిస్తుంది. బిగిసిన తీగలో అల వేగంగా వెళ్లినట్టే, బిగుసుకున్న కండరంలో అదురు వేగంగా వెళ్తుంది. వేగం వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే షియర్ మాడ్యులస్, అంటే బిగువును చెప్పే అంకె వస్తుంది. సెకనుకు 2 మీటర్లయితే సుమారు 4 కిలోపాస్కల్, 4 మీటర్లయితే 17. వేగం రెట్టింపైతే బిగువు నాలుగింతలన్నమాట. అందుకే వేగం చదవడంలో చిన్న తప్పు జరిగినా ఫలితంలో పెద్దదై కూర్చుంటుంది.

చాలా యంత్రాలు తెర మీద యంగ్ మాడ్యులస్ అనే ఇంకో బిగువు అంకె చూపిస్తాయి. అది షియర్ మాడ్యులస్‌కు మూడు రెట్లు, అదీ అన్ని దిశల్లో ఒకేలా ఉండే కాలేయం లాంటి కణజాలానికి. కండరం అలాంటిది కాదు, తంతువుల వెంట ఒక తీరు, అడ్డంగా ఇంకో తీరు. రెండు పేపర్లలో అంకెలు మూడు రెట్లు తేడాగా ఉంటే ముందు ఏ మాడ్యులస్ రాశారో చూడాలి. ప్రోబ్ తంతువుల దిశలో లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

ఈ పద్ధతితో తేలిన ఒక చక్కటి సంగతి, వదులు ఎక్కడ ముగుస్తుందన్నది. 2013లో హగ్ బృందం కొలతల్లో, వేళ్లు కిందికి చాపిన స్థితి నుంచి పాదాన్ని పైకి తెస్తుంటే అకిలిస్ టెండాన్ సుమారు 44 డిగ్రీల దగ్గరే బిగుసుకోవడం మొదలుపెట్టింది (ఇక్కడ పాదం కాలికి లంబంగా ఉన్న స్థితి సున్నా, అక్కడి నుంచి కిందికి లెక్క). కండరం సుమారు 21 డిగ్రీల దాకా వదులుగానే ఉంది. సాగదీత మొదట్లో కండరం అసలు సాగడమే లేదు, దాని వదులు మాత్రమే తీరుతోంది.

ఎంఆర్‌ఐ: నీటి కదలికతో దారి కనిపెట్టడం

అల్ట్రాసౌండ్ ఒక్క తలాన్నే చూపిస్తుంది. కండరం మొత్తాన్ని మూడు దిశల్లో చూడాలంటే డిఫ్యూజన్ టెన్సర్ ఎంఆర్‌ఐ ఉంది. తంతువు లోపలి నీటి అణువులు పొడవునా స్వేచ్ఛగా కదులుతాయి, అడ్డంగా గోడలు తగులుతాయి. కొలిచే కొన్ని పదుల మిల్లీసెకన్లలో అణువు వెళ్లే దూరం 10 మైక్రోమీటర్ల మాటే. అయినా కోటానుకోట్ల అణువుల సగటులో ఏ దిశలో ఎక్కువ కదిలిందో తేలుతుంది, అదే తంతువు దిశ. 2, 3 మిల్లీమీటర్ల ఘనాల్లో ఈ దిశలు కొలిచి, ఒకదాని నుంచి ఒకదానికి గీతలు కలుపుతూ వెళ్తే కండరం నిండా వేల ఫాసికిల్ దారులు వస్తాయి.

సాధారణంగా 3 టెస్లా అయస్కాంత బలమున్న యంత్రం, 400 నుంచి 500 బి-విలువ (నీటి కదలికకు చిత్రం ఎంతగా స్పందించాలో నిర్ణయించే అమరిక), కనీసం 12 దిశలు వాడతారు. మెదడుకు వాడే 1000 బి-విలువను కండరానికి పెట్టడం తరచుగా జరిగే తప్పు. కండరం సిగ్నల్ త్వరగా ఆరిపోతుంది, అంత ఎక్కువ పెడితే చిత్రంలో మిగిలేది నాయిస్, అంటే అర్థంలేని చుక్కలే. కొవ్వు సిగ్నల్‌ను అణచకపోతే అది జరిగి కండరం మీద పడి దిశల్ని చెడగొడుతుంది. ఇంకో అడ్డంకి మనిషిది: చిత్రం పూర్తయ్యేదాకా నిమిషాల తరబడి పాదాన్ని కదలకుండా సాగదీసి ఉంచాలి. ఓపిక చివరి అంచు దాకా సాగిన స్థితిలో ఎవరూ అంతసేపు ఉండలేరు. అందువల్ల ఎంఆర్‌ఐ చూపించేది మధ్యస్థంగా సాగిన కండరాన్నే.

సిడ్నీలో బోల్‌స్టర్లీ, హెర్బర్ట్ చేసిన ఈ తరహా పనిలో ఒకే కండరంలో పైభాగం, కింది భాగం ఫాసికిళ్లు ఒకే పొడవు, ఒకే వాలులో ఉండవని స్పష్టమైంది. ఒకచోట ప్రోబ్ పెట్టి కండరమంతటి గురించి తీర్పు చెప్పడానికి ఇది పెద్ద హెచ్చరిక.

పూలు లెక్కపెట్టగలమా

ఇప్పటిదాకా చెప్పిన ఏ పద్ధతీ సార్కోమియర్లను చూపించదు. 2008లో స్టాన్‌ఫర్డ్ బృందం సన్నటి సూది చివర లెన్స్ అమర్చి, లేజర్ కాంతితో మనిషి చేతి కండరంలో సార్కోమియర్లను నేరుగా చిత్రీకరించింది. ఆ తర్వాత ఈ మైక్రోఎండోస్కోపీని వ్యాయామానికి ముందూ తర్వాతా వాడారు. పిన్‌చెయిరా బృందం 3 వారాల నార్డిక్ హామ్‌స్ట్రింగ్ వ్యాయామం (మోకాళ్ల మీద నిలబడి, తొడ వెనక కండరాలతో ఆపుకుంటూ మెల్లగా ముందుకు వాలడం) తర్వాత చూస్తే ఫాసికిల్ పొడవైంది, అదే చోట సార్కోమియర్ కూడా పొడవైంది. అంటే ఆ దశలో కొత్త పూలు చేరినట్టు కాదు, ఉన్న పూలే దూరం జరిగాయి. అల్ట్రాసౌండ్ ఒక్కటే ఉండి ఉంటే కొత్త సార్కోమియర్లు చేరాయనే రాసుకునేవాళ్లు.

ఈ తేడా ఎక్కువగా బాధించేది సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న పిల్లల్ని. వాళ్ల పిక్క బిగుసుకుపోయి మడమ నేలకు ఆనదు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి రోజూ ఆ కాలిని సాగదీస్తారు. సర్జరీ సమయంలో లేజర్‌తో కొలిస్తే ఆ కండరాల్లో సార్కోమియర్లు మామూలు కన్నా పొడవుగా, అప్పటికే బాగా సాగి ఉన్నట్టు తేలింది. అల్ట్రాసౌండ్‌లో ఫాసికిల్ మామూలు పొడవే చూపించినా లోపల సార్కోమియర్ల సంఖ్య తక్కువ. పైగా ఈ పిల్లల్లో కండరం గట్టిది, దాంతో పోలిస్తే టెండాన్ మెత్తనిది. కాలు సాగదీస్తే ముందు లొంగేది టెండానే, కండరానికి అందాల్సిన లాగుడు అందదు.

2019లో కాల్క్‌మన్ బృందం ఈ లెక్కనే పట్టుకుంది. ముందు పిక్కకు బలం పెంచే వ్యాయామాలు చేయించి, తర్వాత సాగదీత జోడించింది. టెండాన్ గట్టిపడింది, ఉత్త స్ట్రెచింగ్ కన్నా మెరుగైన ఫలితం వచ్చింది. పిక్క బిగుసుకున్న పిల్లవాడిని చూసే ఫిజియోథెరపిస్టు అల్ట్రాసౌండ్ తెర మీద మొదట చూడాల్సింది పాదం ఎంత పైకి వచ్చిందని కాదు. పాదాన్ని నెడుతుంటే కండరం టెండాన్ కలిసే చోటు ఎటు, ఎంత జరుగుతోందన్నది చూడాలి. ఆ చోటు కిందికి జరుగుతుంటే కండరం సాగుతోంది. కదలకుండా ఉండి చీలమండ మాత్రం వంగుతుంటే, సాగుతున్నది టెండాన్.